ముర్రా బర్రె పేరు మీద ఎం.ఏ. తెలుగు

2009 జూన్ నుంచి దాదాపు రెండేళ్లపాటు, ఎల్లారెడ్డిలోని ఒక బ్యాంకు కాగితాల్లో నేను ముర్రా జాతి బర్రెను. రెండో ఈత, రంగు నలుపు, నొసట తెల్లచుక్క, పూటకు నాలుగు లీటర్ల పాలు. ఈ వివరాలన్నీ నా చేత్తో నేనే రాశాను. ఎం.ఏ. తెలుగులో చేరకముందే నేను చేసిన మొదటి కల్పిత రచన అది. దానికి ముప్పై వేలు వచ్చాయి. ఆ తర్వాత ఇన్నేళ్లలో నా ఏ రచనకూ అంత సొమ్ము రాలేదు.

మాది నాగిరెడ్డిపేట దగ్గర ఒక పల్లె. పోచారం ప్రాజెక్టు నీళ్ల కింద రెండెకరాల వరి ఉండేది, దాన్ని బాపు చూసుకునేవాడు. మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. మా అవ్వ ఇంటి పని చేసుకుంటూ మిగిలిన పొద్దంతా బీడీలు చుట్టేది. ఎల్లారెడ్డిలో నా డిగ్రీ అయిపోయాక, కామారెడ్డి పోయి ఎం.ఏ. తెలుగు చదువుతానన్నాను. బాపు కాదనలేదు, కాదనడం ఆయనకు రాదు. గడపలో కూర్చుని అరికాల్లో ముల్లు తీసుకుంటూ, అది చదివితే ఏమొస్తుందని మాత్రం అడిగాడు. రాయడం వస్తుందన్నాను. రాయడం నాకు రెండో తరగతిలోనే వచ్చింది కదా అని ఆయన సందేహం. న్యాయమైన సందేహమే.

మా వైపు ఆడపిల్లలు డిగ్రీ తర్వాత చదివితే టీచర్ ట్రైనింగ్ చదివేవాళ్లు, లేదంటే నర్సింగ్. వాటికి ఎదురుగా ఉద్యోగం కనబడుతుంది. నా చదువుకు ఎదురుగా ఏమీ కనబడేది కాదు. స్కాలర్‌షిప్ వస్తుందన్నారు గానీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. గది అద్దె మాత్రం ఒకటో తారీఖు రాగానే కట్టాలి. అద్దె, ఫీజు, పుస్తకాలు, బస్సు కిరాయిలు, రెండేళ్లకు అన్నీ కలిపి వేళ్ల మీద లెక్కేస్తే ముప్పై వేలు తేలింది. బాపు ఆ అంకె విని ముల్లు సంగతి మరిచిపోయాడు.

అవ్వ పది మంది ఆడవాళ్ల పొదుపు సంఘంలో ఉండేది. దానికి లీడరు మా వాడకట్టులోని పెద్దవ్వ, అవ్వకు అక్క వరస. నాలుగు బర్రెలున్న మనిషి. నోట్లో ఎప్పుడూ వక్క నలుగుతూనే ఉండేది, అయినా గొంతు మాత్రం వాడ చివరి దాకా వినబడేది. మీటింగు ఆమె ఇంటి ముందు పందిరి కిందే జరిగేది. బ్యాంకు అప్పులో తన వంతుగా ముప్పై వేలు నా చదువుకు కావాలని అవ్వ అక్కడ చెప్పింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటిదాకా తీసుకున్న వాళ్లంతా బర్రెలకో, గొర్రెలకో, కుట్టుమిషనుకో తీసుకున్నారు. చదువుకు ఇస్తారో లేదో ఎవరికీ తెలియదు. ఇస్తారట, ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. ముందే అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. కానీ అడిగితే లేదంటారేమో అన్న భయంతో అసలు అడగకపోవడం మా వాళ్ల పద్ధతి.

పెద్దవ్వ వక్క నమలడం ఆపి తీర్పు చెప్పేసింది.

"బర్రె అని రాయుండ్రి. బర్రె రెండేండ్లు మేస్తది, ఈంతది, పాలిచ్చి కిస్తు కడతది. గీ పిల్ల గూడ గంతే గదా."

ఎవరూ నవ్వలేదు. వాళ్లకది వేళాకోళం కాదు, ఉన్న మాటే. తీర్మానం రాసే పని నాకే అప్పజెప్పారు, ఎందుకంటే ఆ పందిరి కింద తడుముకోకుండా రాయగలిగేది నేనొక్కదాన్నే. ఒక బర్రె కొనడానికి అని రాసి ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు. ఖాళీ జాగా కనబడితే నా చెయ్యి ఆగదు. జాతి రాశాను, ఈత రాశాను, పాలు రాశాను. అంతా నలుపే అయితే బర్రెకు కళ తక్కువైనట్టనిపించి నొసట తెల్లచుక్క కూడా పెట్టాను. చదివి వినిపించమని ఎవరూ అడగలేదు, నేనూ వినిపించలేదు. పది మందీ సంతకాలు పెట్టేవాళ్లు పెట్టారు, వేలిముద్ర వేసేవాళ్లు వేశారు. నెల తిరగకుండానే నేను కామారెడ్డి బస్సెక్కాను.

కామారెడ్డిలో నాకు దొరికిన సంతోషాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. స్టేషను దగ్గర చిన్న గది, బిచ్కుంద నుంచి వచ్చిన ఒక అమ్మాయితో కలిసి ఉండేదాన్ని. ఆమెకు కోపమొస్తే మరాఠీ, దిగులేస్తే కన్నడం, అన్నం వండే వంతు నాదైతే తెలుగు వచ్చేవి. సికింద్రాబాదు రైలు పోయినప్పుడల్లా మా గిన్నెలు గలగలమనేవి. క్లాసులో తొమ్మిది మందిమి. రచన నేర్పే సారు మేం రాసిచ్చిన పేజీల్లో తనకు అక్కర్లేదనిపించినవన్నీ కొట్టేసి, మిగిలిన వాక్యాలు మాత్రమే పైకి చదివేవాడు. నా పేజీలో మొదటిసారి మూడు వాక్యాలు మిగిలాయి. గదికొచ్చి ఏడ్చాను. నాలుగోసారికి, కొట్టేయాల్సినవి నేనే ముందుగా కొట్టేసుకుని తీసుకుపోవడం నేర్చుకున్నాను. ఆ రోజు సారు ఒక్క వాక్యం కూడా ముట్టుకోకుండా పేజీ మొత్తం చదివాడు. నేను గదికి నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో గుర్తులేదు.

శనివారం మధ్యాహ్నం బస్సెక్కి, ఎల్లారెడ్డిలో మారి, పొద్దు గూకేలోపు ఊరు చేరేదాన్ని. నేను బస్సు దిగగానే సంఘం ఆడవాళ్లు బర్రె వచ్చిందని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. మేత సరిగ్గా దొరుకుతున్నదా, ఈ వారం కొంచెం చిక్కినట్టున్నదే అని నన్ను ముందూ వెనకా చూసేవాళ్లు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. నెలలు గడిచేకొద్దీ ఆ పది ఇండ్లల్లో నా పేరే అదైపోయింది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి పైసలు తెచ్చిన రోజు, అవ్వ అందులోంచి కొంత తీసి బర్రె కిస్తు అని పక్కన పెట్టేది. ఒక్క నెల కూడా తారీఖు దాటనివ్వలేదు.

అది చూసినప్పుడల్లా నాకు లోపల గుచ్చుకునేది. అందుకే కామారెడ్డిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పని అడిగాను. పెండ్లి పత్రికలు, దుకాణాల కరపత్రాలు, పోయినవాళ్ల ఫోటో కింద వేసే నాలుగు ముక్కలు, ఏదైనా రాసేదాన్ని. ఒక్కోదానికి యాభై రూపాయలు. అవ్వ రోజంతా చుట్టే బీడీల కూలి దగ్గర దగ్గర అంతే ఉండేది. మొదటి పత్రిక పావుగంటలో రాసి యాభై నోటు అందుకున్నప్పుడు గర్వపడ్డాను, ఆ వెంటనే సిగ్గూ వేసింది. అయితే ఆ పావుగంట పని వారానికి ఒకసారో రెండుసార్లో తగిలేది. ముహూర్తాలు లేని నెలల్లో అదీ లేదు.

ఆదివారం ఊళ్లో ఉంటే వేరే రాత పని ఉండేది. పింఛను దరఖాస్తులు, రేషన్ కార్డులో తప్పు పడ్డ పేర్లు, దుబాయిలో ఉన్న కొడుకు జీతం ఆపిన కంపెనీకి విన్నపాలు. దానికి పైసలు అడిగేదాన్ని కాదు, వాళ్లూ ఇచ్చేవాళ్లు కాదు. పోతూ పోతూ నాలుగు మక్కకంకులు, రెండు కోడిగుడ్లు గడపలో పెట్టి పోయేవాళ్లు. ఒకామె ఏకంగా కోడినే తెచ్చింది.

ఇలా సాఫీగా పోతుండగా, నా రెండో ఏడాది చలికాలంలో సంఘం కొత్త అప్పుకు అర్జీ పెట్టింది. ఈసారి పది మందికీ పెద్ద మొత్తం. ఒకామెకు బోరు మోటారు, ఇంకొకామెకు ఇంటి మీద రేకులు, పెద్దవ్వకు బర్రెల కొట్టం కావాలి. పాత అప్పుతో ఏం కొన్నారో కండ్లారా చూశాకే కొత్తది ఇప్పిస్తామని మండలం నుంచి కబురొచ్చింది. చూడడానికి మండలం సారు శనివారమే వస్తాడు. మా ఇంట్లో బర్రె లేదని తేలితే పది మంది అప్పూ ఆగిపోతుంది, అదీ నా ఒక్కదాని చదువు వల్ల. ఆ శనివారం నేను మధ్యాహ్నానికే ఊరు చేరాను.

పెద్దవ్వ అప్పటికే ఏర్పాట్లు చేసేసింది. తన బర్రెల్లో మంచిదాన్ని ఒకటి కడిగి, ఒంటికి నూనె పట్టించి తెచ్చి మా వాకిట్లో కట్టేసింది. అది కాటుకలా నిగనిగలాడుతూ మా చిక్కుడు పాదు తింటోంది. నొసట చుక్క కాదు కదా, ఒంటి మీద ఎక్కడా గోరంత తెలుపు లేదు. ఆ సంగతి చెబుదామని నేను నోరు తెరిచేలోపే సారు బండి వచ్చి ఆగింది.

సారు నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. సంచిలోంచి ఫైలు తీసి, నేను రాసిన తీర్మానాన్ని పైకి చదివాడు. ముర్రా జాతి దగ్గర పెద్దవ్వ తలూపింది. పూటకు నాలుగు లీటర్ల దగ్గరా ఊపింది. తెల్లచుక్క దగ్గర తల ఆగిపోయి మెల్లగా నా వైపు తిరిగింది. ముప్పై ఏళ్లుగా బర్రెలను మేపుతున్న మనిషి ఆమె. కాగితం మీద అబద్ధం ఉందని కాదు, నల్లటి ముర్రాకు తెల్లచుక్క పెట్టానని ఆమెకు కోపం. సారు బర్రె నొసలు చూశాడు. బర్రె కూడా పాదు నమలడం ఆపి ఆయన్ను చూసింది. చుక్క గురించి ఆయన ఏమీ అడగలేదు. అవ్వ వైపు తిరిగి, పాలు ఎన్ని ఇస్తోందమ్మా అన్నాడు.

అవ్వకు అబద్ధం చెప్పడం రాదు. పైగా ఏడాదిన్నరగా ఆ వాడలో బర్రె అంటే నేనే. ఉన్న మాట నోట్లోంచి వచ్చేసింది.

"ఇంకా ఇస్తలేదు సారు. గిప్పుడు రెండో యేడు సదువుతున్నది."

వెనక ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు, అయినా నవ్వు బయటికి వచ్చింది. సారు ఫైలు మూశాడు. అప్పుడు పెద్దవ్వ ముందుకొచ్చి, నా భుజం పట్టి ఆయన ముందు నిలబెట్టి, ఇదే సారు ఆ బర్రె అంది. దాచకుండా జరిగిందంతా చెప్పింది. బర్రె అని రాయమన్నది తనేననీ, తప్పు తనదేననీ ఒప్పుకుంది. తెల్లచుక్కను మాత్రం నా మీద వేసింది.

సారు అంతా విన్నాడు. నవ్వు వచ్చినట్టే ఉంది గానీ మీసాల కిందే ఆపుకున్నాడు. ఇలాంటి కాగితం మీద తాను సంతకం పెట్టలేనన్నాడు. తర్వాత కిస్తుల పుస్తకం అడిగి తీసుకుని, ఒక్కో పేజీ తిప్పాడు. పద్దెనిమిది కిస్తులు, ఒక్కటీ తారీఖు దాటలేదు. చివరికి ఒక దారి చెప్పాడు. అప్పు దేనికి వాడారో నిజం రాసి కొత్త తీర్మానం చేయాలి. దాంతోపాటు, ఆ చదువుకు ఎంత ఖర్చయిందో, దాని వల్ల ఇప్పటిదాకా ఎంత వచ్చిందో ఒక కాగితం మీద రాసి సోమవారం ఎల్లారెడ్డికి తేవాలి. అది చూసి నమ్మకం కుదిరితే కొత్త అప్పుకు తాను రాస్తాడు, కుదరకపోతే లేదు. ఎవరు రాస్తారని ఆయన అడగాల్సిన పని లేకపోయింది. పది మందీ నన్నే చూస్తున్నారు.

ఆదివారం పొద్దున్నే పందిరి కింద కూర్చున్నాం. ఒక వైపు అప్పు ముప్పై వేలు రాశాను, చిటికెలో అయిపోయింది. రెండో వైపు, ప్రెస్సు వాళ్లిచ్చినవన్నీ కూడితే నాలుగు వేల ఎనిమిది వందల యాభై. అది పైకి చదివాను. బోరు మోటారు కావాల్సినామె దూరంగా చూస్తూ కూర్చుంది. నా చదువు విలువ ఇంతేనా అని నాకే అనిపించింది. ఆ క్షణం చాలా బాధపడ్డాను.

అప్పుడు ఒకామె, తన పింఛను దరఖాస్తు ఎందుకు రాయలేదని అడిగింది. దానికి నువ్వు పైసలివ్వలేదు కదా అన్నాను. ఎల్లారెడ్డిలో రాయించుకుంటే వంద తీసుకునేవాడు, ఆ వంద నాకు మిగిలింది కదా అంది. అంతే, పందిరి కింద సంత మొదలైంది. రేషన్ కార్డు ఒకరిది, దుబాయి విన్నపం ఒకరిది, భూమి కాగితాల అర్జీ ఒకరిది. వాళ్లు వేళ్లు మడుస్తుంటే నేను గీతలు పెడుతూ పోయాను. అరవై రెండు తేలాయి, ఒక్కోటి వంద చొప్పున ఆరువేల రెండు వందలు. ఇన్ని రాశానని నాకే తెలియదు. కోడి దగ్గర మాత్రం పెద్ద పంచాయితీ నడిచింది. అది రాతకు ఇచ్చిన కోడేనని ఇచ్చినామె అంటుంది, పండక్కి ప్రేమతో ఇచ్చినదాన్ని లెక్కలో రాస్తారా అని ఇంకొకామె అంటుంది. ఒక గంట ఆ కోడికే పోయింది. చివరికి నూట యాభై అని రాశాం. నా చేతికి రానిది, ఊళ్లో వాళ్లకు మిగిలింది అని ఆ ఆరువేల రెండు వందలను విడిగా చూపించాను. అన్నీ కూడితే పదకొండు వేల రెండు వందలు.

ఇది సాలదని పెద్దవ్వ తేల్చేసింది. ఇరవై ఐదు వేలు రాయమంది. చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. ఆ రెండు అంకెల మధ్య ఖాళీని ఎలా నింపాలో నా కలానికి బాగా తెలుసు. కామారెడ్డిలో ఒక పత్రిక, నెలనెలా పారితోషికం, ఎడిటరు మెచ్చుకున్న ఉత్తరం, అన్నీ క్షణంలో కళ్ల ముందు కనబడ్డాయి. నమ్మేట్టే రాయగలను. పది మంది బాగు కోసమే కదా అని కలం కాగితం మీద పెట్టాను కూడా.

అప్పటిదాకా మాట్లాడకుండా ఉన్న అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఉన్నది ఉన్నట్టు రాయి బిడ్డా. తక్కువుంటే తక్కువనే రాయి. రెండేండ్లు గిదే గదా నేర్సుకున్నవ్."

మా సారు క్లాసులో ఏం చేస్తాడో అవ్వకు నేనెప్పుడూ చెప్పలేదు. పెద్దవ్వ కూడా ఎదురు చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టే రాశాను, రాసిన దాంట్లో సగం కొట్టేశాను, మిగిలింది అరపేజీ. ఈసారి పది మందికీ చదివి వినిపించాకే సంతకాలు పెట్టించాను.

సోమవారం కాలేజీ ఎగ్గొట్టి అవ్వతో, పెద్దవ్వతో ఎల్లారెడ్డి పోయాను. సారు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అరపేజీ చదవడానికి అంతసేపు పడుతుందని నాకు అప్పుడే తెలిసింది. చదివి, ఇంకా పద్దెనిమిది వేల ఎనిమిది వందలు తక్కువ పడుతున్నాయి కదమ్మా అన్నాడు. అవ్వ నేల చూపులు చూస్తోంది. పెద్దవ్వ కుర్చీలోంచి లేచింది.

"కొన్న రెండో యేడే అప్పంతా దీర్చిన బర్రెను నేనైతే సూడలే సారు. మీరేమన్న సూసిండ్రా?"

సారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. శనివారం ఆపుకున్న నవ్వు కూడా అందులో కలిసిందనుకుంటాను, అంతసేపు నవ్వాడు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని, కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టాడు. ఉగాదికి ముందే పది మందికీ అప్పు వచ్చింది. పెద్దవ్వ కొట్టానికి నేనే కొబ్బరికాయ కొట్టాలని పట్టుబట్టింది. పాత తీర్మానం కొట్టేసి, బర్రె ఉన్న చోట ఎం.ఏ. తెలుగు అని రాశాం.

2011లో చదువు పూర్తయింది. ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే పని దొరికింది. జీతం చిన్నదే గానీ, ఆ నెల నుంచి కిస్తు నేనే కట్టాను. అవ్వ ఒప్పుకోలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనకు తానే ఓడిపోయి, కిస్తుల పుస్తకం నా చేతికిచ్చింది. సాయంత్రాలు దరఖాస్తులు రాసేదాన్ని, సెలవుల్లో ప్రెస్సు పని చేసేదాన్ని. ఏ రాతకు ఎంత వస్తుందో, ఇంకా ఎంత మిగిలిందో నా తలలో ఎప్పుడూ ఒక లెక్క తిరుగుతూనే ఉండేది. ఒక వాక్యం బాగా కుదిరినా, దీనికి ఎంతొస్తుంది అనే ఆలోచన వెంటనే వచ్చేది.

2012 జూన్‌లో ఆఖరి కిస్తు కట్టాం. మేమిద్దరం పోతే సరిపోయే పనికి పది మందీ బయల్దేరారు. బ్యాంకులో గుమాస్తా రసీదు కొట్టి ఇస్తే, పెద్దవ్వ దాన్ని అందరి చేతులూ తిప్పించింది. చదవడం రానివాళ్లు కూడా తిప్పి తిప్పి చూశారు. వేడి వేడి మిర్చి బజ్జీలు కట్టించుకుని నాగిరెడ్డిపేట బస్సెక్కాం.

నేను అవ్వ పక్కన కూర్చున్నాను. కిస్తు పైసలు ఇక నుంచి మిగులుతాయి కదా, దరఖాస్తుకు ఇంత తీసుకోవాలి, ప్రెస్సులో ఇంత పెంచమని అడగాలి, ఏడాదికి ఇంత వెనకేయాలి అని ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. అవ్వ కొంతసేపు విన్నది. తర్వాత నా చేతిలోని రసీదు తీసుకుని మడిచి, రవికలో పెట్టుకుంది.

"ఇగ సాలు బిడ్డా. ఎవలకు లెక్క జెప్పే పని లేదు. ఇగ నువ్వు ఊకెనే రాసుకో."

బస్సులో అందరి ముందే ఏడ్చేశాను. సంతోషానికి ఏడుస్తారని పుస్తకాల్లో చదివాను గానీ, అప్పటిదాకా నమ్మేదాన్ని కాదు. వెనక సీట్లోంచి పెద్దవ్వ ఏమైందని అడిగింది. ఏం లేదు, బజ్జీ కారంగా ఉందని అవ్వ చెప్పింది. అది ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం.